మా గబ్బూరు సండే స్కూలు గదికి సముద్రం ఎందుకు?



పోయిన నెల మా సంఘం యూత్ మీటింగులో ఇరవై మంది 'సరే' అన్నచోట నేనొక్కడినే 'వద్దు' అన్నాను. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. నోరు పెద్దదై మాట చిన్నదైంది. "అన్నా, నీకు ప్రతిదాంట్లోనూ రాజకీయమే కనిపిస్తుంది" అని ఒక చెల్లెలు నవ్వింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇది మా సంఘం ఒక్కదాని సంగతి కాదు గనుక మీరందరూ చదవాలని ఇక్కడికి పంపుతున్నాను.

మా ఊరు గబ్బూరు. కర్ణాటకలో రాయచూరు జిల్లా, దేవదుర్గ తాలూకా. పాత గుళ్ళకూ శాసనాలకూ పేరున్న ఊరు. వీధిలో కన్నడం, మా ఇంట్లో తెలుగు, ఆరాధనలో రెండూ. కృష్ణా నది మా తాలూకా ఉత్తరపు అంచున పారుతుంది. సముద్రం చూడాలంటే మాత్రం ఏ వైపు వెళ్ళినా మూడు వందల కిలోమీటర్లకు పైమాటే. మా సండే స్కూలు పిల్లల్లో సముద్రం చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

మీటింగులో వచ్చిన ఆలోచన ఇది. సండే స్కూలుకు కొత్త గది కట్టుకున్నాం. ఆదికాండములోని ఆరు దినాల సృష్టిని గోడల మీద బొమ్మలుగా వేయిస్తున్నాం. ఐదవ దినం దగ్గర, అంటే దేవుడు జలచరాలను చేసిన దినం దగ్గర, బొమ్మకు బదులు నిజమైన ఉప్పునీటి అక్వేరియం పెడదామని. రెండు వందల లీటర్ల ట్యాంకు, నారింజ రంగు క్లౌన్ చేపలు, ఒక నీలం చేప, కొన్ని పగడాలు. పిల్లలు నీమో సినిమా చూసి ఉన్నారు, ఎగిరి గంతేస్తారు. సంఘంలో స్థితిమంతులైన ఒకాయన సగం ఖర్చు పెట్టుకుంటానన్నారు. పట్నాల్లో పెద్ద మందిరాల రిసెప్షన్లో ఇలాంటివి ఉంటాయి, మనకెందుకు ఉండకూడదు అన్నారు. ఆ మాటలో ఉన్న ఆశను నేను వెక్కిరించడం లేదు. పల్లె సంఘానికి కూడా అందమైనది కావాలనిపిస్తుంది. అది తప్పు కాదు.

ముందు చిన్న లెక్కలు చెప్పి దాటేస్తాను. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే మన ట్యాంకు మొదటిసారి నింపడానికే 7 కిలోలు కావాలి. అదీ వంటింటి ఉప్పు కాదు, ప్యాకెట్లో కొనే ప్రత్యేకమైన ఉప్పు. దాన్ని కలపాల్సింది బోరు నీళ్ళలో కాదు, ఆర్వో నీళ్ళలో. ఆర్వో మిషను ఒక లీటరు మంచి నీళ్ళిచ్చేలోపు అంతకు రెండింతలో మూడింతలో బయటికి వదిలేస్తుంది. రాయచూరు జిల్లా బోర్లలో ఫ్లోరైడ్, ఆర్సెనిక్ ఉన్నాయని మనకు తెలుసు. 2022 వేసవిలో రాయచూరు పట్టణంలోనే కలుషితమైన నీళ్ళు తాగి మనుషులు చనిపోయారు. బిళ్ళ వేసి క్యాను పట్టుకుని తాగే నీళ్ళు తెచ్చుకునే మనం, వారం వారం చేపలకు నీళ్ళు మార్చాలి. ఇక ఎండ. ఆ చేపలకు 25, 26 డిగ్రీలు ఉండాలి. మన మే నెల సంగతి మీకు చెప్పాలా? నీళ్ళను చల్లబరిచే చిల్లరు రాత్రీ పగలూ నడవాలి, పంపు ఒక్క పూట కూడా ఆగకూడదు. శక్తినగర్‌లో 1720 మెగావాట్ల థర్మల్ కేంద్రం మన జిల్లాలోనే ఉంది. దాని బూడిద మనకు, కరెంటు మాత్రం ఎటో పోతుంది.

అయితే నా వాదన ఇది కాదు. డబ్బున్నవాళ్ళు చిల్లరు కొంటారు, ఇన్వర్టర్ పెడతారు, ట్యాంకు నిలబడుతుంది. నా పేచీ ఆ ట్యాంకులోకి వచ్చే చేప గురించి, దాన్ని పట్టిన చేతి గురించి.

మా చిన్నాన్న కొడుకు బెంగళూరులో ఒక అలంకార చేపల దుకాణంలో మూడేళ్ళుగా పని చేస్తున్నాడు. దేవదుర్గ తాలూకాలో బెంగళూరుకు మనిషిని పంపని ఇల్లు వెతికితే గాని దొరకదు. అందరూ కట్టడం పనికి పోతే వీడు చేపల పనికి పోయాడు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మేడ మీద పడుకుని రాత్రంతా చెప్పాడు.

"విమానంలో వచ్చిన పెట్టె తెరవంగనే ముందు వాసనే చెప్తది అన్నా, ఎన్ని పోయినయో."

థర్మాకోల్ పెట్టెలో ఒక్కో చేపకు ఒక్కో పాలిథిన్ సంచి. అడుగున కాసిని నీళ్ళు, పైన ఆక్సిజన్. దారిలో నీళ్ళు పాడు చేయకుండా ఉండాలని ఎక్కించే ముందు కొన్ని రోజులు చేపలను పస్తు పెడతారు. ఎక్కడో సముద్రంలో పట్టినవాడి దగ్గరి నుంచి దళారికి, దళారి నుంచి ఎగుమతిదారుకు, అక్కడి నుంచి దిగుమతిదారుకు, ఆ తర్వాత దుకాణానికి. ప్రతి చోటా సంచి మారుతుంది, నీళ్ళు మారతాయి, కొన్ని చచ్చిపోతాయి. దుకాణంలో వీడి మొదటి పని చచ్చినవాటిని సంచిలోనే ఉంచి, వరుసగా పేర్చి, ఫోటో తీసి పంపడం. ఫోటో గంటల్లో పంపితే వాటి డబ్బు తిరిగి జమ అవుతుంది. వాళ్ళ భాషలో దాన్ని 'డీఓఏ' అంటారు, వచ్చేసరికే చచ్చినవి అని. దుకాణానికి నష్టం రాదు. పంపినవాడు తన నష్టాన్ని కింది దళారి మీదికి తోస్తాడు, దళారి చేప పట్టినవాడి ధర మీదికి తోస్తాడు. అందరి ఖాతాలూ సరిపోతాయి. చచ్చిన చేప స్థానంలో ఇంకొకటి సముద్రం నుంచి వస్తుంది.

"మధ్యాహ్నం కస్టమర్ పిల్లలు వచ్చి గ్లాసుకు ముక్కు ఆనించి చూస్తరు. పొద్దున నేను బకెట్లో వేసిందేమో వాళ్ళకు తెల్వదు" అన్నాడు.

ఇంతకీ సముద్రపు చేపకూ మామూలు అక్వేరియం చేపకూ తేడా ఏమిటి? మన బజారులో దొరికే గోల్డ్‌ఫిష్, గప్పీలు చెరువుల్లో, తొట్లలో పెంచినవి. అలంకారానికి అమ్మే మంచినీటి చేపల్లో నూటికి తొంభైకి పైగా అలా పెంచినవే. ఉప్పునీటి చేపల సంగతి దీనికి తలకిందులు. వాటిలో చాలా మటుకు పగడపు దిబ్బల మీద బతుకుతున్నవాటిని పట్టి తెచ్చినవి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వారి పరిశీలనా కేంద్రం 2003లో వేసిన లెక్క ప్రకారం ఏటా రెండు కోట్ల నుంచి రెండు కోట్ల నలభై లక్షల సముద్రపు చేపలు, కోటికి పైగా పగడపు ముక్కలు ఈ వ్యాపారంలో చేతులు మారేవి. దాని విలువ ఏటా 20 నుంచి 33 కోట్ల డాలర్లు. కొనే ఇళ్ళు ఎక్కువగా అమెరికాలో, యూరప్‌లో. పట్టేవాళ్ళు ఎక్కువగా ఫిలిప్పీన్స్‌లో, ఇండొనేసియాలో.

ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సయనైడ్ వాడకం ఉంది. ప్లాస్టిక్ సీసాలో విషం కలుపుకుని నీళ్ళలో మునిగి, పగడాల సందుల్లో దాక్కున్న చేప మీద పిచికారీ చేస్తారు. చేప మత్తులో తేలుతుంది, చేత్తో పట్టుకుంటారు. దాని ఇల్లయిన పగడం చస్తుంది. మునిగేవాడి ఊపిరికీ ప్రమాదమే. అతను దుర్మార్గుడని నేననను. పొద్దున్నే వల పన్నితే నాలుగు చేపలు, సయనైడ్ చల్లితే నలభై. ధర నిర్ణయించేది అతను కాదు. ఎన్ని తెస్తే ఇంటికి బియ్యం వస్తాయో అన్ని తెస్తాడు.

ఇండొనేసియాలో సులవేసి పక్కన బంగాయ్ దీవులున్నాయి. అక్కడ వెండి రంగు మీద నల్ల చారలుండే చిన్న చేప ఉంది. లోకంలో ఇంకెక్కడా సహజంగా పుట్టదు. ఆడ చేప గుడ్లు పెడితే మగ చేప వాటిని నోట్లో పెట్టుకుని మోస్తుంది. పిల్లలు బయటికి వచ్చేదాకా మేత ముట్టదు. పేతురు గాలానికి పడిన చేప నోట్లో నాణెం దొరికింది, ఈ చేప నోట్లో పిల్లలుంటాయి. ఇలా కొద్ది పిల్లలనే కని కాపాడుకునే జాతి గనుక పట్టుకుపోతే తొందరగా తరిగిపోతుంది. ఈ శతాబ్దం మొదట్లో ఏటా ఆరు లక్షలకు పైగా పట్టి అమ్మేశారు. 2007లో ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది.

ఇక్కడే మా యూత్‌లో చదువుకున్న తమ్ముడొకడు లేచి మంచి మాటే అన్నాడు. "అన్నా, అదంతా పాత కథ. ఇప్పుడు హేచరీల్లో పుట్టిస్తున్నారు. అలాంటివే కొందాం, పీడ పోతుంది." అతని మాటలో నిజముంది, ముందు అది ఒప్పుకుంటాను. వ్యాపారం నిజంగానే మారుతోంది. క్లౌన్ చేపను గుడ్డు దగ్గర నుంచి పెంచే పద్ధతిని మన దేశంలోనే సీఎంఎఫ్ఆర్‌ఐ శాస్త్రవేత్తలు నిలబెట్టారు. హవాయిలో పసుపు టాంగ్ చేపను 2015లో, ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో నీలం టాంగ్‌ను 2016లో తొట్లలో పుట్టించగలిగారు. బంగాయ్ చేపను థాయ్‌లాండ్‌లో పెద్ద ఎత్తున పెంచుతున్నారు. (ఆ నీలం టాంగే పిల్లలకు 'డోరీ'. ఆ సినిమా వచ్చాక జనం ఎగబడి కొన్నారని అందరూ అంటారు గాని, తర్వాత లెక్కలు చూసిన పరిశోధకులకు అలాంటి పెరుగుదల కనబడలేదు. మన వైపు వాదనైనా సరే, నిలబడని మాటను వదిలేయాలి.)

కానీ తమ్ముడూ, 'పీడ పోతుంది' అన్నావే, ఎవరి పీడ? కొనేవాడి మనసులోని పీడ పోతుంది. బంగాయ్ దీవిలో పడవ మీద బతికేవాడి సంగతి?

చేప థాయ్‌లాండ్ తొట్టిలో పుడితే బంగాయ్ జాలరికి ఏమొస్తుంది? పసుపు టాంగ్ గోదాములో పుడితే దిబ్బ పక్కన ఉండేవాడికి ఏమొస్తుంది? బ్రెజిల్‌లో రియో నీగ్రో ఒడ్డున బార్సెలోస్ అనే ఊరుంది. అది మంచినీటి చేప కథే అయినా మనకు పాఠం. కార్డినల్ టెట్రా అనే ఎర్ర నీలం చారల చిన్న చేపను పట్టి అమ్ముకుని అక్కడి వాళ్ళు దశాబ్దాల పాటు బతికారు. వరద వచ్చినప్పుడు అడవిలోకి ఎక్కిన నీళ్ళలో ఆ చేప పెరుగుతుంది. అడవి ఉంటేనే చేప, చేప ఉంటేనే కూడు. అందుకని అడవిని కాపాడుకోవడంలో వాళ్ళ స్వార్థం కూడా ఉండేది. ఆసియాలో అదే చేపను తొట్లలో పెంచి చౌకగా అమ్మడం మొదలయ్యాక వాళ్ళ బేరం పడిపోయింది. చేపకు మంచే జరిగిందనుకుందాం. ఆ అడవిని నరకవద్దని ఇక ఎవరడుగుతారు?

ఇంకొక లెక్క చూడండి. 2003 నాటి ఆ నివేదికలోనే ఉంది. మాల్దీవుల్లో 2000 సంవత్సరంలో కిలో అలంకార చేపల విలువ దాదాపు 500 డాలర్లు. అదే దిబ్బ నుంచి తినడానికి పట్టిన చేప కిలో 6 డాలర్లు. అంటే పద్ధతిగా కొద్దిగా పట్టి, పట్టినవాడికి న్యాయమైన వాటా ఇస్తే, ఈ వ్యాపారమే దిబ్బను కాపాడగలదు. తక్కువ చేపలతో ఎక్కువ కుటుంబాలు బతకవచ్చు. ఆ వాటా ఇవ్వకపోవడమే పాపం. పొలం కోసిన కూలీల నుంచి బిగబట్టిన జీతం దేవుని చెవిలో మొరపెడుతుందని యాకోబు 5:4లో చదువుకున్నాం గదా, మునిగి చేప పట్టినవాడి కూలి మాత్రం మొరపెట్టదా?

'సుస్థిరత' అన్న మాట ఇప్పుడు అందరి నోటా ఉంది. చేపల సంఖ్య నిలబడితే సుస్థిరత అంటారు, దుకాణం సరుకు ఆగకపోతే సుస్థిరత అంటారు. పట్టేవాడి ఇల్లు నిలబడిందా అన్న ప్రశ్న ఆ లెక్కలోకి రాదు. నేను దాన్ని ఒప్పుకోను.

అలాగని 'మొత్తం నిషేధించండి' అనే ఆవేశపరులతో కూడా నాకు పొత్తు లేదు. నిషేధం వచ్చినప్పుడు ఎవరి మెడ మీద పడుతుందో మనకు అనుభవమే. 2001లో కేంద్ర ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు చేర్చింది. ఉద్దేశం మంచిదే. తమిళనాడులో మన్నార్ సింధుశాఖ తీరాన సముద్ర దోసకాయలు ఏరుకుని బతికే కుటుంబాలకు ఒక్క రోజులో వృత్తి నేరమైంది. దాటితే శ్రీలంక, అక్కడ అదే సరుకు చట్టబద్ధం. దొంగ రవాణా ఆగలేదు. పట్టుబడేది పడవలో ఉన్నవాడు, సరుకు తెప్పించుకునే షావుకారు కాదు. 2017 మే నెలలో అక్వేరియం దుకాణాల మీద కేంద్రం నియమాలు తెచ్చింది. 158 రకాల జలచరాల ప్రదర్శన, అమ్మకం కుదరదంది. వ్యాపారులు గోల పెట్టారు, నియమాలు వెనక్కి పోయాయి. దుకాణాలకు గొంతుంది, అది ఢిల్లీ దాకా వినబడింది. దోసకాయలు ఏరుకునేవాళ్ళ గొంతు వినబడలేదు. రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇదంతా పరదేశీల గొడవ, తెలుగువాళ్ళకేమిటి అంటారా? అండమాన్ దీవుల్లో 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి సుమారు 13 మంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వాళ్ళలో ఎన్నో. మన దేశంలోని గొప్ప పగడపు దిబ్బల్లో కొన్ని వాళ్ళ పడవల కిందే ఉన్నాయి. రేపు ఆ దిబ్బలు పోయినా, వాటి చేపల బేరం గోదాముల్లోకి పోయినా, నిషేధమే వచ్చినా ముందు తగిలేది మనవాళ్ళకే.

మరి నేననేది ఏమిటి? మా సంఘంలో పెట్టదలచిన ట్యాంకు దగ్గరి నుంచే మొదలుపెడతాను. పగడాల మాట ఎత్తవద్దు. మన దిబ్బల నుంచి తీసిన పగడాన్ని అమ్మినా కొన్నా మొదటి షెడ్యూలు నేరం, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. 'అందరూ అమ్ముతున్నారు' అన్నది జవాబు కాదు. చేప కావాలంటే దుకాణంలో మూడు సంగతులు అడగండి: ఏ జాతి, ఎక్కడిది, ఎవరు పట్టారు లేక ఎవరు పెంచారు. 'పెంచినది' అంటే ఎవరి చేతిలో పెరిగింది అని అడగండి. లక్షద్వీప్‌లోని అగత్తిలో స్థానిక స్త్రీలకు అలంకార రొయ్యల పెంపకం నేర్పారు, ఎన్‌బీఎఫ్‌జీఆర్ శాస్త్రవేత్తలు ఆ పని చేశారు. దిబ్బ పక్కన ఉన్నవాళ్ళే పెంచుతారు, దిబ్బ మీద చెయ్యి పడదు, డబ్బు దీవిలోనే ఉంటుంది. నాకు తెలిసినంతలో ఇదే సరైన దారి. అండమాన్‌లో, మన కోస్తాలో మత్స్యకార స్త్రీల సంఘాలకు ఇలాంటి హేచరీలు ఎందుకు ఇవ్వరు? రొయ్యల చెరువుల యజమానులకు దొరికే ప్రోత్సాహంలో కొసరంత వీళ్ళకు ఎందుకు దొరకదు? సామాజిక న్యాయం అనే మనం అడగాల్సిన ప్రశ్న అది. మన సంఘాలకు తీరమంతటా మందిరాలున్నాయి. ఆ ఊళ్ళ పాస్టరు గార్లను కూడగట్టి ఒక్క వినతిపత్రం పంపలేమా?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో పక్షి గూడు గురించి ఒక చిన్న ఆజ్ఞ ఉంది. దారిలో గూడు కనిపిస్తే పిల్లలను తీసుకోవచ్చు, తల్లిని మాత్రం తీసుకోకూడదు, దాన్ని వదిలెయ్యాలి. దేవుడు తీసుకోవద్దనలేదు. ఆకలిగొన్నవాడి చెయ్యి ఆపలేదు. మళ్ళీ గూడు కట్టగలిగే ప్రాణిని మిగల్చమన్నాడు. దిబ్బ మీద బతికేవాడికి ఈ ఆజ్ఞ మనకన్నా బాగా అర్థమవుతుంది. అర్థం కానిది ధర కట్టే మనకే.

మరి ఐదవ దినం గోడ ఖాళీగా ఉండాలా అని మా చెల్లెలు అడిగింది. బొమ్మే వేయిద్దాం, మా ఊళ్ళో గోడ బొమ్మలు వేసే కుర్రాడికి పని దొరుకుతుంది. ట్యాంకుకు అనుకున్న డబ్బుతో ఒక బస్సు మాట్లాడుదాం. మన పక్కన పారే కృష్ణా నది హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వేసవి సెలవుల్లో నలభై మంది పిల్లల్ని అక్కడికి తీసుకెళ్దాం. తిరుగుదారిలో ఏదైనా మత్స్యకారుల ఊరి సంఘంలో ఒక రాత్రి ఉందాం. వాళ్ళ పిల్లలూ మన పిల్లలూ కలిసి భోంచేస్తారు. వేట ఎలా ఉందో వాళ్ళ నోటనే విందాం. ట్యాంకుకైతే నెల నెలా ఉప్పు కొనాలి, దీనికి అక్కర లేదు.

క్రిస్మస్ రాత్రి మా చిన్నాన్న కొడుకు చివరికి అడిగింది ఒక్కటే. "అన్నా, నేను ఆ పని మానెయ్యాల్నా?" వాడి జీతం మీద ఇక్కడ నలుగురు బతుకుతున్నారు, చిన్నమ్మ మందులు దాంట్లోనే. మానెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రాదు. పాపం బకెట్ మోసేవాడిది కాదని మాత్రం చెప్పాను. పెట్టె వచ్చినప్పుడల్లా దాని మీది చీటీ ఫోటో తీసి పెట్టుకో అన్నాను. చచ్చినవాటి ఫోటో ఎలాగూ తీస్తున్నాడు, దాంతో పాటు ఇదీ.

పోయిన గురువారం ఒక ఫోటో పంపాడు. చీటీ మీద దేశం పేరుంది, ఎన్ని చేపలో ఉంది, బరువుంది. పట్టిన ఊరు పేరు లేదు, పట్టిన మనిషి పేరు లేదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మా యూత్ మళ్ళీ కూర్చుంటుంది. ఆ ఫోటో ప్రింటు తీయించి తీసుకెళ్తున్నాను.